హాల్లో ఆరడుగుల రీఫ్ తొట్టి, పెరట్లో షెడ్డు: సంప్, చిల్లర్ బయట పెట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

బెజవాడ_రీఫ్

అందరికీ నమస్కారం. ఊరు విజయవాడ. హాల్లో వెనక గోడకి ఆనించి 6×2×2 అడుగుల ఉప్పునీటి తొట్టి పెడుతున్నాం. మెత్తటి పగడాలు, కొన్ని చేపలు. మోత, వేడి హాల్లో వద్దని సంప్ (తొట్టి నీళ్లు దిగి శుభ్రపడే రెండో తొట్టి), స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికి తీసేది), రిటర్న్ పంపు (నీళ్లని మళ్లీ తొట్టిలోకి ఎత్తేది), అర హెచ్‌పీ చిల్లర్ (నీళ్లని చల్లబరిచేది) అన్నీ గోడకి అవతల షెడ్డులో పెట్టాలని ప్లాను.

కొలతలు: ఇంటి ప్లింతు పెరటి నేలకంటే 2 అడుగుల ఎత్తు. తొట్టి స్టాండు రెండున్నర అడుగులు. షెడ్డు 6×4, ఎత్తు 7 అడుగులు, పైన జీఐ రేకు, తలుపు పడమటి వైపు, కిటికీ లేదు. సంప్ 4×1½×1½ అడుగులు, నీళ్లు సగానికి, అరడుగు దిమ్మ మీద. తొట్టి నుంచి సంప్‌కి నీళ్లు దిగే డ్రెయిన్ ఒకటే, 2 అంగుళాల పైపు. రిటర్న్ అంగుళం పైపు. రిటర్న్ నీళ్లు తొట్టిలోకి వదిలే నాజిల్ నీటిమట్టానికి 5 అంగుళాల కింద. పైపు పరుగు దాదాపు 5 మీటర్లు. కరెంటు హాల్లో సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో.

వచ్చే వారం మేస్త్రి పని మొదలెడతాడు. తప్పులుంటే ఇప్పుడే చెప్పండి.

గొట్టాల_లెక్క

మేస్త్రి రాకముందే అడిగారు, అదే మంచిది. నేను నీళ్ల సంగతి ఒక్కటే చెబుతాను.

ముందు ఆ నాజిల్. కరెంటు పోగానే రిటర్న్ పైపు వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. నాజిల్‌కి గాలి తగిలేదాకా ఆగదు. మీ తొట్టి పైవైశాల్యం 12 చదరపు అడుగులు, అంటే ఒక్క అంగుళం నీరు దిగితే 28 లీటర్లు. 5 అంగుళాలంటే 141. దీనికి పైపుల్లోదీ, తొట్టి నీళ్లు పొర్లి డ్రెయిన్‌లోకి పడే ఓవర్‌ఫ్లో బాక్సులోదీ ఇంకో 20 కలపండి. 161. మీ సంప్ మొత్తం 255 లీటర్లు, సగం నిండి ఉంటే ఖాళీ 127. మిగతా 34 లీటర్ల ఉప్పునీళ్లు షెడ్డు నేల మీదికే. బెజవాడలో ఎండాకాలం ఇది ఏ మధ్యాహ్నమైనా జరగొచ్చు.

నాజిల్‌ని నీటిమట్టానికి అంగుళంన్నర కిందికి తీసుకురండి. అప్పుడు 42+20, అంటే 62 లీటర్లే దిగుతాయి. దానికి కొంచెం పైన, నీటిమట్టానికి అరంగుళం కింద, పైపుకి 3 ఎంఎం కన్నం వేయండి. మట్టం అక్కడికి దిగగానే అది గాలి పీల్చుకుని లాగుడు ఆపేస్తుంది. కానీ లెక్క ఎప్పుడూ నాజిల్ లోతుతోనే కట్టండి, ఆ కన్నాన్ని నమ్మి కాదు. రీఫ్ తొట్టిలో కన్నం అంచున గులాబీరంగు సున్నపు నాచు పెచ్చు కడుతుంది. కొన్ని నెలలకి ఆ 3 ఎంఎం కన్నం కాస్తా ఆవగింజ పట్టనంతగా పూడిపోతుంది. నెలకోసారి టూత్‌పిక్‌తో పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ సంగతీ అంతే. లోపలి రబ్బరు మీద చిన్న నత్త కూర్చుంటే చాలు, మూసుకోదు.

రెండోది, డ్రెయిన్ ఒక్కటే పెట్టొద్దు. అంగుళంన్నర పైపులు రెండు పెట్టండి. ఒకటి గాలి లేకుండా నిండుగా ప్రవహించేది, సంప్ దగ్గర దానికి గేట్ వాల్వ్. రెండోది అంతకంటే అంగుళం ఎత్తులో మొదలై ఎప్పుడూ ఖాళీగా ఉండేది, దానికి ఏ వాల్వూ వద్దు. మొదటిది పూడితే రెండోది ఆదుకుంటుంది. ఒక్క పైపే ఉండి అందులో ఆకో చేపో ఇరుక్కుంటే ఈసారి మునిగేది మీ హాలు.

డ్రెయిన్ తొట్టి వెనక నుంచి మొదట నిలువుగా దిగాలి, తర్వాతే అడ్డంగా పోవాలి. అడ్డం పరుగులో మీటరుకి 2 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. ఎక్కడా మళ్లీ పైకి లేవకూడదు, లేచిన చోట గాలి బుడగ కూర్చుని గడగడమంటూనే ఉంటుంది. 90 డిగ్రీల ఎల్బో బదులు 45వి రెండు. సంప్‌లో పైపు చివర నీళ్లలో అంగుళానికి మించి మునగకూడదు. ఎక్కువ మునిగితే కరెంటు వచ్చాక లోపలి గాలి బయటికి పోలేక ప్రవాహం అందుకోదు, తొట్టిలో మట్టం పెరుగుతూ పోతుంది.

రిటర్న్ అంగుళంపావు వేయండి. గంటకి 2,500 లీటర్ల దగ్గర అంగుళం పైపులో రాపిడికే ముప్పావు మీటరు ఎత్తు పోతుంది, అంగుళంపావులో పావు మీటరే. మీకు నికరంగా ఎత్తాల్సింది 1.6 మీటర్లు. కాబట్టి పంపు కొనేటప్పుడు 2 మీటర్ల దగ్గర ఎంత తోస్తుందో గ్రాఫులో చూడండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే 5,000 లీటర్లు సున్నా ఎత్తు దగ్గరి లెక్క.

కరెంటు_పని

గొట్టాల_లెక్క గారు చెప్పిన 34 లీటర్లు పడే నేల మీదే ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటుందన్నమాట. ఆ ఒక్కటి మానేయండి, దండం పెడతాను. ఉప్పునీళ్లు, తడి కాళ్లు, పెరటి మట్టి ఒకేచోట ఉన్నాయి. ఇక్కడ పొదుపు చూసుకోవద్దు.

ఇంటి మెయిన్ డీబీ (బ్రేకర్లుండే పెట్టె) నుంచి షెడ్డుకి వేరే లైను లాగించండి. 15 మీటర్ల లోపు అయితే 2.5 చదరపు ఎంఎం రాగి వైరు చాలు. మీ మొత్తం లోడు కిలోవాట్‌కి అటూఇటూ. మట్టిలోంచి వెళ్తే ఆర్మర్డ్ కేబుల్, లేదంటే గోడ మీద కాండ్యూట్. షెడ్డులో చిన్న ప్లాస్టిక్ డీబీ, నేలకి 5 అడుగుల ఎత్తున, సంప్‌కి ఎదురు గోడ మీద. 16 ఆంపుల సీ రకం ఎంసీబీ (లోడు మించితే పడిపోయే బ్రేకర్) పెట్టించండి. బీ రకం అయితే చిల్లర్ కంప్రెసర్ స్టార్టయ్యేటప్పటి కరెంటుకి ఊరికే పడిపోవచ్చు.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) 30 మిల్లీఆంపులది. ఒకటి కాదు, రెండు. హీటరూ చిల్లరూ ఒకదాని మీద, రిటర్న్ పంపూ స్కిమ్మరూ రెండోదాని మీద. తొట్టిలో ఎక్కువగా లీకయ్యేది హీటరే, గాజు పగిలితే చాలు. అన్నీ ఒకే ఆర్‌సీసీబీ మీద ఉంటే హీటర్ పోయిన రాత్రి పంపు కూడా ఆగిపోతుంది. తెల్లారేసరికి ఆక్సిజన్ అందక చేపలు చస్తాయి.

ఇక్కడ మన ఎలక్ట్రీషియన్లు తరచూ చేసే పొరపాటు న్యూట్రల్ కలిపేయడం. రెండు ఆర్‌సీసీబీల న్యూట్రళ్లు ఒకే బార్‌లో వేస్తే రెండూ కారణం లేకుండా పడుతూనే ఉంటాయి. ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్స్ న్యూట్రల్ కలిసినా అంతే. విసుగొచ్చి ఎవరో ఒకరు ఆర్‌సీసీబీనే తీసేస్తారు. దగ్గరుండి చూసుకోండి, దేని న్యూట్రల్ దాని కిందే ఉండాలి. మీటరు పెట్టి ఎర్తింగ్ కూడా చూపించమనండి. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి.

ప్రతి వైరూ సాకెట్‌కి వెళ్లేముందు ఒకసారి సాకెట్‌కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోంచి నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఉప్పు ఇంకో రకంగా వస్తుంది. వైరు మీద తెల్లగా పొడిలా మొదలై, మెల్లగా పాకి, ఒకరోజు ప్లగ్గు పిన్నుల మధ్య పచ్చటి చిలుముగా కనబడుతుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు, స్విచ్ ఆపి.

చల్లటినీళ్లు

నాకు అన్నిటికంటే భయమేసింది కిటికీ లేని రేకుల షెడ్డులో చిల్లర్ అన్న మాటకి. చిల్లర్ వేడిని మాయం చేయదు, నీళ్లలోంచి తీసి గాల్లోకి వదులుతుంది. అర హెచ్‌పీది నీళ్లలోంచి సుమారు 1 కిలోవాట్ వేడి లాగితే, తను తినే 400 వాట్లు కూడా కలిపి 1.4 కిలోవాట్లు వెనక నుంచి ఊదుతుంది. 6×4 గదిలో తలుపు మూసి గీజర్ కాయిల్ వేలాడదీసినట్టే. గది వేడెక్కేకొద్దీ చిల్లర్ సత్తా తగ్గుతుంది, తగ్గేకొద్దీ ఎక్కువసేపు నడుస్తుంది, నడిచేకొద్దీ గది ఇంకా వేడెక్కుతుంది. మే నెలలో బయటే 44 ఉంటే లోపల కంప్రెసర్ ఓవర్‌లోడ్ పడి ఆగిపోతుంది. అప్పుడు సంప్ కూడా ఆ పొయ్యిలోనే ఉంది.

దారులు రెండు. లోపలే ఉంచాలంటే, గది గాలి బయటికంటే 5 డిగ్రీలకి మించి పెరగకూడదనుకుంటే, గంటకి దాదాపు 830 ఘనపు మీటర్ల గాలి మారాలి. 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పైన, ఎదురు గోడలో కింద అంతకంటే పెద్ద గాలి కంత. కింద కంత లేకుండా ఫ్యాన్ ఒక్కటే పెడితే అది గాలి లేని గదిలో ఊరికే తిరుగుతుంది.

రెండో దారి నాకు నచ్చింది: చిల్లర్‌ని షెడ్డు బయటే, ఉత్తరం గోడకి, అడుగు ఎత్తు దిమ్మ మీద పెట్టండి. పైన రెండడుగుల చూరు, మూడు వైపులా గాలాడాలి, గోడకి అడుగు ఎడం. ఇవి వానకి తడిసే యంత్రాలు కావు, కాబట్టి చూరు తప్పనిసరి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ లాంటిదే అనుకుని ఆరుబయట వదిలేయకండి.

సైజు సరిపోతుందా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. తొట్టి నడవడం మొదలయ్యాక, చేపలు వేయకముందు, ఎండ ముదిరిన వేళ లైట్లూ పంపులూ అన్నీ నడుపుతూ చిల్లర్ ఒక్కటి ఆపండి. 26 డిగ్రీల నుంచి గంటలో ఎంత పెరిగిందో చూడండి. మీ 800 లీటర్లకి ఒక డిగ్రీ అంటే 0.93 యూనిట్ వేడి. గంటకి అర డిగ్రీ పెరిగితే చిల్లర్ మీద బరువు అర కిలోవాట్ లోపే, మీది హాయిగా మోస్తుంది. ఒక డిగ్రీ పెరిగితే అంచున ఉన్నట్టు. అప్పుడు పెద్ద చిల్లర్ కొనేముందు షెడ్డుకి నీడ చూడండి.

భాగ్యనగర్_చేపలు

నీడ గురించి: జీఐ రేకు బదులు 50 ఎంఎం పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక) వేస్తే మంచిది. డబ్బు లేకపోతే రేకు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేసి, దానికి అడుగు పైన షేడ్‌నెట్ కట్టండి. ఆ అడుగు ఖాళీలో గాలి పారడమే అసలు లాభం. తాటాకు కప్పితే ఇంకా చల్లగా ఉంటుంది, కానీ ఎలుకలు కాపురం పెడతాయి, పక్కనే కరెంటు ఉంది, వద్దు. తలుపు పడమటికి కాకుండా తిప్పగలిగితే తిప్పండి.

ఇంకో మాట. అసలు చిల్లర్ అవసరమా? సంప్ మీదికి రెండు చిన్న ఫ్యాన్లు ఊదితే ఒక లీటరు ఆవిరవుతూ 0.68 యూనిట్ వేడి పట్టుకెళ్తుంది. రోజుకి 8 లీటర్లు ఆవిరైతే ఐదున్నర యూనిట్లు. తగ్గిన నీళ్లకి ఫ్లోట్ స్విచ్‌తో (నీటిమట్టాన్ని బట్టి ఆన్-ఆఫ్ అయ్యేది) ఆర్‌ఓ నీళ్లు తోడుకుంటే సరి.

విశాఖ_ఉప్పుగాలి

భాగ్యనగర్ అన్నా, ఆ లెక్క హైదరాబాద్‌కి సరిపోతుంది. మేలో మధ్యాహ్నం అక్కడ 40 డిగ్రీలూ 20 శాతం తేమా ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 23 దగ్గర చూపిస్తుంది. నీళ్లు 26కి దిగే వీలుంది. అదే 40 డిగ్రీలకి తేమ 40 శాతం అయితే అది 28 దాటుతుంది. మా వైజాగ్‌లో 34 డిగ్రీలూ 70 శాతం అంటే 29 పైనే. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా నీళ్లు అంతకంటే కిందికి రావు. కృష్ణ ఒడ్డున ఉన్న బెజవాడకి ఎండాకాలంలో ఫ్యాన్లు చిల్లర్‌కి సాయం చేస్తాయి, దాని బదులు పని చేయవు.

పైగా మూసిన షెడ్డులో ఫ్యాన్ ఊదితే పది నిమిషాల్లో గాలి తేమతో నిండిపోయి ఆవిరవడమే ఆగిపోతుంది. ఆ తేమంతా రేకు అడుగున చెమటలా పట్టి డీబీ మీద కారుతుంది. కాబట్టి చిల్లర్ బయటికి పోయినా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాల్సిందే, కాకపోతే 9 అంగుళాలది చాలు.

లోహాల గురించి కూడా చెప్పాలి. సంప్ ఉన్న గదిలో జీఐ స్క్రూలు, ఇనుప స్టాండ్లు, తలుపు బంధాలు తుప్పు పట్టి ఆ పొడి నీళ్లలో రాలుతుంది. 304 స్టీలు కూడా మచ్చలు పడుతుంది, 316 అడగండి. కుదిరిన చోటల్లా ప్లాస్టిక్ క్లాంపులూ సిమెంటు దిమ్మలూ వాడండి. పగడాలున్న తొట్టికి రాగి, ఇత్తడి అసలు తగలకూడదు. ప్లంబర్ అలవాటుగా ఇత్తడి బాల్ వాల్వ్ బిగించేస్తాడు, ముందే చెప్పాలి.

బెజవాడ_రీఫ్

అందరికీ చాలా థాంక్స్. నాజిల్ సంగతి అసలు ఊహించలేదు. మూడు ప్రశ్నలు. గోడకి కన్నం ఎలా వేయించాలి? కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆదుకుంటుంది? షెడ్డు నేల పెరటి మట్టంలోనే ఉంది, అది పర్వాలేదా?

గొట్టాల_లెక్క

మూడోది ముందు. పర్వాలేదు అనను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. అంతటి వరదకి ఏ షెడ్డూ నిలవదు. కానీ మామూలు ముసురుకి పెరట్లో జానెడు నీళ్లు నిలుస్తాయి. షెడ్డు నేల ఒక అడుగు లేపండి, 4 అంగుళాల కాంక్రీటు బెడ్డు, తలుపు వైపు వాలు, గుమ్మం దగ్గర తూము. డ్రెయిన్‌కి మీకు నాలుగడుగుల పైచిలుకు ఎత్తు మిగులుతుంది, చాలు. పంపుకి కూడా ఓ అడుగు భారం తగ్గుతుంది.

కన్నాలు కోర్ కట్టింగ్ మెషిన్‌తో, పైపుకొకటి, 3 అంగుళాలు. ఉలితో కొట్టిస్తే లోపలి వైపు ప్లాస్టర్ పళ్లెమంత ఊడుతుంది. బయటి వైపు కాస్త కిందికి వాలుండాలి, వాన నీరు హాల్లోకి రాకుండా. పైపులకి ఏసీ గొట్టాలకి వాడే నల్లటి నైట్రైల్ ఫోమ్ తొడిగి, పైన ఎండ తగలకుండా తెల్లటి టేపు చుట్టండి. కరెంటు వైరుకి వేరే కన్నం. గోడకి రెండు వైపులా యూనియన్లు (విప్పి బిగించుకునే పైపు జాయింట్లు) ఉండాలి, లేకపోతే పంపు మార్చాల్సిన రోజు పైపు కోయాల్సిందే.

కరెంటు_పని

12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సుమారు ఒక యూనిట్. 60 వాట్ల డీసీ రిటర్న్ పంపు, 25 వాట్ల వేవ్‌మేకర్ (తొట్టిలో నీళ్లని కదిలించేది) నడిపితే 11 గంటల దాకా వస్తుంది. చిల్లర్‌నీ హీటర్‌నీ దాని మీద వేయకండి. బ్యాటరీ సంప్ గదిలో వద్దు, ఇంట్లోనే ఉంచండి. ఉప్పుగాలికి టెర్మినళ్లు పాడవుతాయి, చార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ మూసిన గదిలో చేరుతుంది. హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే ఇన్వర్టర్ కూడా చాలదు, సెల్లులతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

తోటలో_తొట్టి

ఎవరూ పురుగుల సంగతి ఎత్తలేదు. బయటి షెడ్డుకి అసలు బెడద అదే. చిల్లర్‌ని ఆన్-ఆఫ్ చేసే కాంటాక్టర్ రిలేలో చీమలు గూడు కడితే అది ఆన్‌లోనో ఆఫ్‌లోనో ఇరుక్కుపోవచ్చు. డీబీలో బల్లి రెండు టెర్మినళ్ల మధ్య పడితే అంతా చీకటే. కాండ్యూట్ చివరలన్నీ ఎం-సీల్‌తో మూయండి. గాలి కంతలకి ఎలుక దూరని స్టీలు జాలీ, దాని మీద దోమతెర. ఎలుకలకి మెత్తటి సిలికాన్ గొట్టమంటే ఇష్టం, నేలకి ఆనించి పరచొద్దు.

అయితే చీమల కోసం సుద్దముక్క గీయడం, మందు కొట్టడం షెడ్డులో పూర్తిగా నిషేధం. అందులో ఉండే పైరెత్రాయిడ్ మందులు మనుషులకంటే చేపలకీ రొయ్యలకీ ఎన్నో రెట్లు విషం. వానాకాలం సాయంత్రాలు వీధిలో దోమల పొగ యంత్రం వస్తుంది కదా, దాని గురించే ఎక్కువగా చెబుతున్నా. స్కిమ్మర్ నిమిషానికి లీటర్ల కొద్దీ గాలి పీల్చి సన్నటి బుడగలుగా నీళ్లలో కలుపుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటి పొగని కింద కంతలోంచి లోపలికి లాగుతుంది. రెండూ కలిస్తే పొగని తొట్టిలోకి పంపు కొట్టినట్టే. హాల్లో చేతికందే చోట ఒక స్విచ్ పెట్టించి, స్కిమ్మర్, గాలి పంపు, ఎగ్జాస్ట్ మూడూ దాని మీద వేయండి. యంత్రం చప్పుడు వినబడగానే ఆపి, పొగ పోయాక ఓ గంటకి వేయండి. రిటర్న్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి చేపలకి ఇబ్బంది లేదు. స్కిమ్మర్ గాలి గొట్టానికి యాక్టివేటెడ్ కార్బన్ డబ్బా తగిలిస్తే ఇంకాస్త ధైర్యం.

మిగతా రోజుల్లో ఆ బయటి గాలే మేలు చేస్తుంది. ఏసీ వేసి మూసిన హాల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తొట్టి పీహెచ్ పడిపోతుంటుంది, షెడ్డు గాలి పీల్చే స్కిమ్మర్‌తో పీహెచ్ నిలబడుతుంది.

డల్లాస్_తెలుగు

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ షెడ్డుకి చలి కూడా శత్రువే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయి పైపులు గడ్డకట్టాయి. గోడలకీ పైకప్పుకీ ఇన్సులేషన్ లేకుండా సంప్ బయట పెట్టకండి. హీటర్ ఒక పెద్దది కాకుండా రెండు చిన్నవి, రెండూ బయటి కంట్రోలర్ మీద. ఒకటి ఆన్‌లో ఇరుక్కుపోయినా తొట్టిని ఉడకబెట్టేంత సత్తా దానికి ఉండకూడదు. డిసెంబర్ రాత్రుల్లో హైదరాబాద్, ఆదిలాబాద్ వాళ్లకీ ఇదే పద్ధతి.

బెజవాడ_రీఫ్

మార్చిన ప్లాను: షెడ్డు నేల అడుగు ఎత్తు, తలుపు ఉత్తరానికి, పఫ్ ప్యానెల్. చిల్లర్ బయట ఉత్తరం గోడకే, తలుపుకి ఎడంగా, చూరు కింద. 9 అంగుళాల ఎగ్జాస్ట్, కింద జాలీ. డ్రెయిన్లు రెండు అంగుళంన్నరవి, రిటర్న్ అంగుళంపావు, నాజిల్ అంగుళంన్నర లోతు. వేరే లైను, రెండు ఆర్‌సీసీబీలు, పొగ స్విచ్ హాల్లో. ఇంకేమైనా మిగిలిందా?

గొట్టాల_లెక్క

ఉప్పు కలపకముందు మంచినీళ్లతో రెండు రోజులు నడపండి. ఆ రెండు రోజుల్లో కనీసం మూడుసార్లు మెయిన్ ఆపేసి, సంప్‌లో నీళ్లు ఎక్కడిదాకా లేచాయో, మళ్లీ వేశాక డ్రెయిన్ దానంతటదే అందుకుందో చూడండి. ఆపాక లేచిన మట్టం అంచుకి మూడు అంగుళాలు కిందే ఉండాలి. అలా ఉండేలా నీళ్లు సర్దుకుని, పంపు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఇంతకు మించి పోయొద్దు అని రాయండి. మీరు ఊళ్లో లేనప్పుడు నీళ్లు పోసేది ఇంట్లో వేరేవాళ్లు.

షెడ్డు నేల మీద ఒక ఫ్లోట్ స్విచ్, దాని బజర్ హాల్లో. షెడ్డులో మోగితే ఎవరికీ వినబడదు.

గేట్ వాల్వ్ ఒకసారి కుదిరాక దాని పిడి ఊడదీసి డీబీ పైన పెట్టండి. పెరడు ఊడ్చేవాళ్లో పిల్లలో దాన్ని కుళాయి అనుకుని తిప్పుతారు.